ఏటీఎం ప్రోగ్రాం రాద్దాం: మెనూ సులువే, నోట్ల లెక్కే చిక్కు

ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన రెండో వారంలోనో మూడో వారంలోనో అందరికీ తగిలే ప్రాజెక్టు ఇది. నిల్వ పదివేలు అని ఒక వేరియబుల్. 1 నొక్కితే బ్యాలెన్స్, 2 నొక్కితే విత్‌డ్రా, 3 నొక్కితే డిపాజిట్, 4 నొక్కితే బయటికి. నలభై లైన్లలో అయిపోతుంది, రన్ చేస్తే పనిచేస్తుంది కూడా. ఇప్పుడు విత్‌డ్రాలోకి వెళ్లి, ఎంత కావాలని అడిగినప్పుడు -500 అని కొట్టి చూడండి. నిల్వ 10,500 అయి కూర్చుంటుంది.

ఎందుకంటే ఆ ప్రోగ్రాంలో ఉన్నది ఒకే ఒక్క పరీక్ష: అడిగింది నిల్వ కన్నా తక్కువేనా? మైనస్ ఐదొందలు పదివేల కన్నా తక్కువే, కాబట్టి దర్జాగా లోపలికి వెళ్లింది. పదివేలలోంచి మైనస్ ఐదొందలు తీసేస్తే ఐదొందలు కలుస్తుంది, అది స్కూలు లెక్కే. సున్నా కన్నా ఎక్కువేనా అని ఇంకో లైను చేర్చి ఈ ఒక్క రంధ్రాన్ని పూడ్చేయవచ్చు. కానీ ఇలాంటి రంధ్రాలు ఇంకో పది ఉంటాయి. అవన్నీ ఒకే చోట నుంచి పుడతాయి: ఈ ప్రాజెక్టును మెనూ రాయడంగా చూడటం. దీన్ని క్యాషియర్ పనిలా చూడాలి. సాయంత్రం కౌంటర్ మూసేముందు పుస్తకంలోని లెక్కా పెట్టెలోని నోట్లూ టాలీ కావాలి. ఏ పరీక్ష ముందు రావాలి, డబ్బు ఎప్పుడు తగ్గించాలి, ఏది ఫైల్లో దాచాలి అన్నవన్నీ ఆ టాలీ చుట్టూనే తిరుగుతాయి.

ఎవరి పని ఎవరిది

నిజమైన ఏటీఎంకి మీ నిల్వ ఎంతో తెలియదు. దానికి తెలిసింది తన కడుపులో ఉన్న నోట్ల సంగతి మాత్రమే. మీరు అడిగిన మొత్తాన్ని అది మీ బ్యాంకుకు పంపి, ఇవ్వమంటారా వద్దా అని అడుగుతుంది. ఒక బ్యాంకు కార్డును ఇంకో బ్యాంకు మెషీన్లో పెట్టినప్పుడు ఆ ప్రశ్న మన దేశంలో ఎక్కువగా నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ అనే నెట్‌వర్క్ మీదుగా వెళ్తుంది. దాన్ని 2004లో మొదలుపెట్టింది హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ. 2009లో దేశంలో చెల్లింపుల వ్యవస్థలు నడిపే ఎన్‌పీసీఐ చేతికి వెళ్లింది. బ్యాంకు నుంచి తిరిగొచ్చే జవాబు పొడుగాటి వాక్యం కాదు, రెండంకెల కోడ్. ఐఎస్ఓ 8583 అనే ప్రమాణంలో 00 అంటే ఇచ్చేయొచ్చు, 51 అంటే ఖాతాలో డబ్బు చాలదు, 55 అంటే పిన్ తప్పు, 61 అంటే పరిమితి దాటింది, 75 అంటే పిన్ ప్రయత్నాలు అయిపోయాయి, 91 అంటే అవతలి బ్యాంకు అందుబాటులో లేదు.

ఇంత చిన్న ప్రాజెక్టులోనూ ఈ విభజనను పాటించడం మంచిది. బ్యాంకు ఒక భాగం: ఖాతాలు, పిన్, నిల్వ, లావాదేవీల చిట్టా దానివి. మెషీన్ ఒక భాగం: క్యాసెట్లు, అంటే నోట్లు పెట్టే డబ్బాలు, దానివి. తెర మూడోది: అడగడం, చూపించడం తప్ప దానికి వేరే పని లేదు. బ్యాంకు ఫంక్షన్ లోపల ప్రింట్ రాయకండి. అది పైన చెప్పిన రెండంకెల కోడ్ మాత్రమే తిరిగివ్వాలి. 51 వస్తే "ఖాతాలో సరిపడా సొమ్ము లేదు" అని చూపించడం తెర పని. దీనివల్ల తక్షణం కలిసొచ్చేది ఒకటుంది. మనిషి కీబోర్డు ముందు కూర్చోకుండానే బ్యాంకు భాగాన్ని వెయ్యిసార్లు పిలిచి పరీక్షించవచ్చు. ప్రింటు, ఇన్‌పుట్ కలగలిపి రాసిన ఫంక్షన్‌ను అలా పరీక్షించడం నరకం.

అంకెలన్నీ అంకెలు కావు

పైథాన్‌లో ఇన్‌పుట్ ఫంక్షన్ ఏం తెచ్చిచ్చినా స్ట్రింగ్ గానే, అంటే అక్షరాల వరసగానే ఇస్తుంది. దాన్ని సంఖ్యగా మార్చకుండా నిల్వతో పోలిస్తే టైప్‌ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం ఆగిపోతుంది. అది అదృష్టమే, తప్పు కనిపించింది కాబట్టి. నిల్వను కూడా స్ట్రింగ్ గానే ఫైల్లోంచి చదివి ఉంటే ఎర్రర్ రాదు, లెక్కే తప్పుతుంది. స్ట్రింగులుగా చూస్తే 1000 అనేది 500 కన్నా చిన్నది. మొదటి అక్షరం 1, 5 కన్నా ముందొస్తుంది కదా, నిఘంటువులో మాటల్లాగా.

పిన్ సంగతి దీనికి తలకిందులు. చూడ్డానికి సంఖ్యలా ఉంటుంది కానీ దాన్ని స్ట్రింగ్ గానే ఉంచాలి. పిన్ 0427 అనుకోండి. సంఖ్యగా మారిస్తే 427 అవుతుంది, ముందున్న సున్నా పోతుంది, అప్పుడు మూడంకెలు కొట్టినవాడికీ తలుపు తెరుచుకుంటుంది. కోడ్ లోనే 0427 అని సంఖ్యగా రాస్తే పైథాన్ 3 ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. సీ లోనూ జావాలోనూ అయితే కిమ్మనకుండా ఒప్పుకుని దాన్ని 279 అని చదువుతుంది, ఎందుకంటే ఆ భాషల్లో ముందు సున్నా ఉన్న సంఖ్య ఎనిమిది ఆధారంగా రాసిన సంఖ్య. పిన్ సరిగ్గానే కొట్టినా తప్పంటోందేమని గంటలు గంటలు తలపట్టుకునేది ఇలాంటి చోటే.

తెలుగు కీబోర్డు వాడేవాళ్లకు ఒక చిన్న తమాషా. ౫౦౦ అని తెలుగు అంకెల్లో కొడితే స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చే పైథాన్‌లోని ఇంట్ ఫంక్షన్ దాన్ని శుభ్రంగా 500 అని చదివేస్తుంది. ఇవి అంకెలేనా అని చూసే ఈజ్‌డిజిట్ పరీక్ష కూడా అవునంటుంది. కానీ పిన్‌ను ౧౨౩౪ అని కొడితే అది 1234తో సరిపోలదు, స్ట్రింగ్ పోలికకు అవి వేరు అక్షరాలు. పైగా ఈజ్‌డిజిట్ వర్గానికి గుర్తుగా రాసే చిన్న 2కి (²) కూడా అవునంటుంది, ఇంట్ మాత్రం దాన్ని మింగలేక వాల్యూఎర్రర్ విసురుతుంది. కాబట్టి ఈజ్‌డిజిట్ బదులు ఈజ్‌డెసిమల్ వాడండి. పిన్ అయితే నాలుగు అక్షరాలూ 0 నుంచి 9 లోపు మామూలు అంకెలేనా అని ఒక్కొక్కటీ చూడండి. వేరియబుల్ పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు: నిల్వ = 10000 అని రాస్తే పైథాన్ 3లో నిక్షేపంగా నడుస్తుంది. విత్‌డ్రా అని పెడితే మాత్రం ఎర్రర్. పొల్లుకూ తర్వాతి అక్షరానికీ మధ్య కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది, పేర్లలో దానికి చోటు లేదు.

డబ్బును ఫ్లోట్‌లో, అంటే దశాంశ సంఖ్యల రకంలో పెట్టకండి. 0.1, 0.2 కలిపితే కంప్యూటర్ చెప్పేది 0.30000000000000004. ఏటీఎం ఇచ్చేవి వందల నోట్లే కదా, పైసలతో పనేమిటి అనిపించవచ్చు. ఛార్జీలు ఉన్నాయిగా. ఉచిత లావాదేవీలు దాటాక బ్యాంకు గరిష్ఠంగా 23 రూపాయలు తీసుకోవచ్చు (2025 మే 1 నుంచి అమల్లో ఉన్న పరిమితి), దాని మీద పన్ను అదనం. 18 శాతం జీఎస్టీతో అది 27 రూపాయల 14 పైసలు. అన్నింటినీ పైసల్లో పూర్ణసంఖ్యలుగా దాచుకుంటే 2300, దాని మీద 414, మొత్తం 2714. తెర మీద చూపించేటప్పుడు మాత్రమే వందతో భాగించండి.

ఉన్న నోట్లతో అడిగింది ఇవ్వడం

ప్రాజెక్టులో అసలు తిరకాసు ఇక్కడే, చాలామంది దాటేసేదీ ఇదే. మెషీన్లో 500 నోట్లు 10, 200 నోట్లు 20, 100 నోట్లు 5 పెట్టామనుకోండి. మొత్తం 9,500. ఎవరైనా మొదట రాసే పద్ధతి ఇది: అడిగిన దాంట్లో ఎన్ని ఐదొందలు పడతాయో చూడు, మిగిలిన దాంట్లో ఎన్ని రెండొందలు పడతాయో చూడు, ఆ మిగిలిన దానికి వందలు ఇవ్వు. 700కి ఒక 500, ఒక 200. బాగానే ఉంది.

ఇప్పుడు ఒకరి తర్వాత ఒకరు అయిదుగురు వచ్చి తలా 300 అడిగారు. ప్రతిసారీ ఒక 200, ఒక 100. అయిదుగురూ వెళ్లేసరికి వందలు ఖాళీ. మెషీన్లో ఇప్పుడు 500లు 10, 200లు 15, మొత్తం 8,000. ఆరో మనిషి 1,100 అడిగాడు. మన పద్ధతి రెండు 500లు తీసింది, వంద మిగిలింది. వందకు 200 పట్టదు, 100 లేదు. "క్షమించండి, ఇవ్వలేం." పక్కనే ఎనిమిది వేలు మూలుగుతున్నాయి! ఒక 500, మూడు 200లు ఇచ్చి ఉంటే సరిగ్గా 1,100. పెద్ద నోటు ఎన్ని పడితే అన్నీ ముందే మింగేయడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. పెద్దది ముందు తీసుకునే ఈ అత్యాశ పద్ధతి వందలు ఉన్నంతకాలం దారి తప్పదు, వంద అన్నిటినీ భాగిస్తుంది కాబట్టి. అందుకే మొదటి రోజు పరీక్షల్లో ఈ బగ్ దొరకదు.

సరైన పద్ధతి వెనక్కి తగ్గడం. 500లు గరిష్ఠంగా పడినన్ని తీసుకో. కుదరకపోతే ఒకటి తగ్గించి మళ్లీ చూడు. సున్నా దాకా అలాగే.

ఐదొందల గరిష్ఠం: (అడిగింది ÷ 500), క్యాసెట్‌లో ఉన్నవి, 40; ఈ మూడింట్లో చిన్నది
ఆ గరిష్ఠం నుంచి 0 దాకా ఒక్కొక్కటి తగ్గిస్తూ:
– మిగిలింది = అడిగింది − 500 × ఐదొందల సంఖ్య
– రెండొందలకూ ఇదే తరహాలో గరిష్ఠం కట్టి, దాని నుంచి 0 దాకా తగ్గిస్తూ:
– – చివరిది = మిగిలింది − 200 × రెండొందల సంఖ్య
– – వందలు = చివరిది ÷ 100
– – వందలు క్యాసెట్‌లో ఉన్నన్ని లోపే ఉండి, మూడు రకాలూ కలిపి 40 నోట్లు దాటకపోతే: ఇదే జవాబు, ఆపేయ్
ఏదీ కుదరకపోతే: ఇవ్వలేం

ఇక్కడ భాగహారమంతా పూర్ణాంకాల భాగహారం. అడిగింది వంద గుణిజమేనని ముందే తేల్చుకుని ఉండాలి. 40 అనేది ఒక్కసారికి ఇన్ని నోట్లే అని మనం పెట్టుకున్న హద్దు. నిజమైన మెషీన్లలోనూ నోట్లు బయటికి తోసే మూతికి ఇలాంటి హద్దు ఒకటి ఉంటుంది. ఈ హద్దును వదిలేస్తే మరో బగ్: 500లు అయిపోయాక ఒకరు 10,000 అడిగితే యాభై రెండొందలు కావాలి, హద్దు దాటింది, ఇవ్వకూడదు. ఇన్ని లూపులా అని భయపడక్కర్లేదు. ఎంత పెద్ద మొత్తమైనా 41ని 41తో గుణిస్తే 1,681 ప్రయత్నాలకు మించవు. కంప్యూటర్‌కు అది రెప్పపాటు పని.

ఇవ్వలేం అన్నప్పుడు ఊరికే ఆ మాట అని వదిలేయకుండా దగ్గరి మొత్తాన్ని సూచిస్తే వాడేవాళ్లకు మేలు. 500, 200 మాత్రమే మిగిలినప్పుడు, అవి చాలినన్ని ఉంటే, వంద గుణిజాల్లో అసలే ఇవ్వలేనివి రెండే రెండు: 100, 300. 400 నుంచి పైకి ప్రతిదీ కుదురుతుంది. కాగితం మీద 400, 500, 600, 700 వేసి చూసుకోండి. మొదటి రెండూ కుదిరాయంటే, ఆపైన ప్రతిదీ వాటికి 200లు కలుపుకుంటూ పోవడమే. కాబట్టి 300 అడిగినవాడికి "200 లేదా 400 తీసుకోండి" అని చెప్పొచ్చు.

ఈ చిల్లర బాధ ఉత్తుత్తి సమస్య కాదు. ఏటీఎంకి వెళ్తే అన్నీ 500 నోట్లే వస్తున్నాయన్నది అందరి ఫిర్యాదే. అందుకే రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఒక ఆదేశం ఇచ్చింది: అదే ఏడాది సెప్టెంబర్ 30 కల్లా 75 శాతం ఏటీఎంలలో, 2026 మార్చి 31 కల్లా 90 శాతం ఏటీఎంలలో కనీసం ఒక క్యాసెట్ నుంచి 100 లేదా 200 నోట్లు రావాలి. నోట్ల రకాలు కూడా మారుతూనే ఉంటాయి. 2,000 నోటు 2016 నవంబర్‌లో వచ్చింది, 2023 మేలో చలామణి నుంచి ఉపసంహరించారు; 200 నోటు 2017 ఆగస్టులో వచ్చింది. కాబట్టి 500, 200, 100 అనే సంఖ్యలను కోడ్ నిండా చల్లకండి. ఒకచోట జాబితాగా పెట్టి, లూపు ఆ జాబితా మీద తిరిగేలా రాయండి. పైన చూపించినది అర్థం కావడానికి రాసిన మూడు నోట్ల రూపం. జాబితాతో రాయాలంటే ఒక నోటు రకాన్ని తేల్చి మిగతా పనిని తనకే అప్పగించుకునే రికర్సివ్ ఫంక్షన్ కావాలి. ముందు ఈ రూపం పనిచేయించి ఆ తర్వాత దానికి వెళ్లండి.

విత్‌డ్రా వరస

పరీక్షల వరస ఇలా ఉంటే చిక్కులు తక్కువ. మొత్తం సున్నా కన్నా ఎక్కువేనా, వంద గుణిజమేనా; ఇవి తెర దగ్గరే తేలిపోతాయి. తర్వాత మెషీన్: ఉన్న నోట్లతో ఆ మొత్తం కుదురుతుందా? ఆ తర్వాతే బ్యాంకు: నిల్వ ఉందా, రోజు పరిమితి లోపేనా? బ్యాంకు 00 అని, ఖాతాలో తగ్గించాక, మెషీన్ నోట్లు బయటికి పంపుతుంది, క్యాసెట్ల లెక్క తగ్గిస్తుంది. నోట్ల లెక్కను బ్యాంకు దగ్గరికి వెళ్లేముందే వేసుకోవడం ముఖ్యం. తిరగేస్తే ఖాతాలో డబ్బు తగ్గాక మెషీన్ "నోట్లు కుదరలేదు" అంటుంది. ఆ తగ్గిన డబ్బు ఎవరిది?

అన్నీ సరిగ్గా ఉన్నా నోట్లు మధ్యలో ఇరుక్కోవచ్చు. దీన్ని కూడా సిమ్యులేట్ చేయండి: ప్రతి ఇరవై విత్‌డ్రాలకు సగటున ఒకటి జామ్ అయ్యేలా ర్యాండమ్ సంఖ్య పెట్టండి. జామ్ అయితే ఖాతాలో తగ్గించింది తిరిగి కలపాలి; దీన్నే రివర్సల్ అంటారు. నిజ జీవితంలో ఖాతాలో తగ్గి నోట్లు రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత అయిదు రోజుల్లో బ్యాంకు తనంతట తానే తిరిగి జమ చేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. ఇది 2019 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం. ప్రోగ్రాంలో రివర్సల్ చేసేటప్పుడు పాత ఎంట్రీని చెరిపేయకండి. చిట్టాలో "తీసివేత 500" అలాగే ఉండాలి, దాని కింద "రివర్సల్ 500" అని కొత్త వరస రావాలి. పుస్తకంలో కొట్టివేతలుంటే ఆడిటర్ ఒప్పుకోడు, బగ్ వెతికేటప్పుడు మీరూ ఒప్పుకోరు.

ఇంకొంచెం లోతుకు వెళ్లాలనుకుంటే: ఖాతాలో తగ్గించాక, నోట్లు పంపేలోపు ప్రోగ్రామే ఆగిపోతే? అందుకు తగ్గించడానికి ముందే చిట్టాలో "మొదలైంది" అని ఒక వరస, నోట్లు వెళ్లాక "పూర్తయింది" అని మరో వరస రాయండి. ప్రోగ్రాం మళ్లీ తెరిచినప్పుడు మొదలై పూర్తికానివి వెతికి ఖాతాలో, క్యాసెట్లలో ఏది కదిలిందో చూసి సరిచేయాలి.

డబ్బు, కార్డు రెండూ ఇచ్చేటప్పుడు కార్డు ముందు. నోట్లు చేతికొచ్చాక మనిషి వచ్చిన పని అయిపోయిందనుకుని కార్డు వదిలేసి పోతాడు. సిమ్యులేషన్‌లో ఇది రెండు ప్రింట్ లైన్ల వరసే.

పిన్ మూడుసార్లు

మూడుసార్లు తప్పు కొడితే కార్డు ఆగిపోవాలి. దాదాపు అందరూ దీన్ని లూపు లోపల ఒక లెక్కింపు వేరియబుల్‌తో రాస్తారు. ప్రోగ్రాం మూసి మళ్లీ తెరిస్తే లెక్క సున్నా; దొంగకు మళ్లీ మూడు అవకాశాలు. నాలుగంకెల పిన్‌కు ఉన్న కూర్పులు 10,000 మాత్రమే. కాబట్టి తప్పుల లెక్క ఖాతాతో పాటు ఫైల్లో ఉండాలి, తప్పు జరిగిన వెంటనే ఫైల్లోకి వెళ్లాలి, సరైన పిన్ కొట్టినప్పుడే సున్నా కావాలి.

పిన్‌ను ఫైల్లో ఉన్నదున్నట్టు రాయకుండా సాల్ట్ (ర్యాండమ్ అక్షరాలు) కలిపి హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చి దాచడం మంచి అలవాటే, కానీ దాని మీద పెద్ద భరోసా పెట్టుకోకండి. ఫైలు చేతికి చిక్కినవాడు పదివేలూ ఒక్కొక్కటి హ్యాష్ చేసి పోల్చుకుంటాడు. నిజమైన ఏటీఎంలో పిన్ కీప్యాడ్ లోపలే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, మెషీన్‌లో నడిచే ప్రోగ్రాంకి అసలు అంకెలు కనపడవు. కొట్టేటప్పుడు తెర మీద అంకెలు కనిపించకుండా పైథాన్‌లో గెట్‌పాస్ మాడ్యూల్ ఉంది. కొన్ని ఎడిటర్ల లోపలి విండోల్లో అది దాచలేక హెచ్చరిక ఇస్తుంది. టెర్మినల్‌లో నడిపి చూడండి.

లూపులూ ఫైళ్లూ

మెనూ ఫంక్షన్ చివర మళ్లీ మెనూనే పిలిచేవాళ్లున్నారు. చూడ్డానికి పనిచేస్తుంది. కానీ ప్రతి పిలుపూ పాతదాని మీద పేరుకుంటుంది, పైథాన్‌లో మామూలుగా వెయ్యి దగ్గర హద్దు, అక్కడ కుప్పకూలుతుంది. లూపు వాడండి. అన్ని ఎర్రర్లనూ ఒకేసారి పట్టేసే ఖాళీ ఎక్సెప్ట్ కూడా వద్దు. లూపులో అది ఉంటే కంట్రోల్ సీ కొట్టినా ప్రోగ్రాం ఆగదు, తప్పుడు ఇన్‌పుట్ అంటూ మళ్లీ అడుగుతూనే ఉంటుంది. వాల్యూఎర్రర్ ఒక్కదాన్నే పట్టండి.

క్యాసెట్ల లెక్కను, నోటు విలువే కీగా (వెతుక్కునే పేరుగా) పెట్టి, జేసన్ అనే టెక్స్ట్ ఫైల్లో దాస్తే ఒక వింత ఎదురవుతుంది. మొదటిసారి అన్నీ సవ్యంగా నడుస్తాయి. రెండోసారి తెరవగానే 500 అనే కీ లేదని కీఎర్రర్. జేసన్‌లో కీలు స్ట్రింగులే కావాలి, అందుకే రాసేటప్పుడు 500 కాస్తా కొటేషన్లలోకి వెళ్లిపోయింది, చదివినప్పుడు స్ట్రింగ్ గానే వచ్చింది. చదివిన వెంటనే కీలను మళ్లీ సంఖ్యలుగా మార్చుకోండి. ఫైలు రాసేటప్పుడు నేరుగా పాతదాని మీద రాయకుండా, పక్కన తాత్కాలిక ఫైల్లో పూర్తిగా రాసి, ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో పాతదాని స్థానంలో పెట్టండి. రాస్తూ మధ్యలో ప్రోగ్రాం ఆగిపోయినా పాత ఫైలు పాడవదు.

రోజు పరిమితికి వాడిన మొత్తాన్ని మాత్రమే దాస్తే రెండో రోజు కూడా పరిమితి దాటిందనే చెబుతుంది. మొత్తంతో పాటు తేదీ కూడా దాచి, తేదీ మారితే సున్నా చేయాలి. ఉచిత లావాదేవీలకైతే నెల. సొంత బ్యాంకు ఏటీఎంలలో 5, ఇతర బ్యాంకులవైతే మెట్రో నగరాల్లో 3, మిగతా చోట్ల 5; బ్యాలెన్స్ చూసుకోవడమూ అందులోకే వస్తుంది. ఇక్కడ చూడాల్సింది ఖాతా ఎక్కడుందని కాదు, మెషీన్ ఎక్కడుందని. విజయవాడ ఖాతాదారు హైదరాబాద్‌లో వేరే బ్యాంకు మెషీన్ వాడితే 3 లెక్కే, హైదరాబాద్ మెట్రో జాబితాలో ఉంది కాబట్టి. ఆ ఊరి పేరును ఏ భాగంలో దాచాలో ఇప్పుడు తేలిపోయినట్టే.

ఖాతా నుంచి ఖాతాకు బదిలీ పెడితే తన ఖాతాకు తానే పంపుకోవడం పరీక్షించండి. రెండు నిల్వలనూ ముందే చదివి, ఒకదాంట్లో తీసి రాసి, రెండోదాంట్లో కలిపి రాస్తే, రెండూ ఒకే ఖాతా అయినప్పుడు చివర రాసినదే నిలుస్తుంది. 10,000 ఉన్నవాడు తనకు తాను 1,000 పంపుకుంటే 11,000 అవుతాడు.

టాలీ ఫంక్షన్

డిపాజిట్ నోట్లను మన మెషీన్ విడి పెట్టెలో వేస్తుంది, క్యాసెట్లలో కలపదు అనుకుందాం. అప్పుడు ప్రతి లావాదేవీ తర్వాతా ఇది నిజమై తీరాలి: ఖాతాలన్నిటి తొలి మొత్తానికి డిపాజిట్లు కలిపి, ఛార్జీలు తీసేసి, ఇప్పటి మొత్తం తీసేస్తే వచ్చేది, క్యాసెట్లలోంచి ఇప్పటిదాకా బయటికెళ్లిన నోట్ల విలువతో సమానం. డిపాజిట్లూ ఛార్జీలూ చిట్టాలోంచి కూడండి. దీన్ని ఒక ఫంక్షన్‌గా రాసి, మైనస్ వెయ్యి నుంచి ఇరవై వేల దాకా ర్యాండమ్ మొత్తాలతో వెయ్యి విత్‌డ్రాలు నడిపి, మధ్యమధ్య బదిలీలు కలిపి, ఒక్కోదాని తర్వాత పిలవండి. క్యాసెట్లు ఖాళీ అయిపోతే మళ్లీ నింపి, నింపిన విలువను క్యాసెట్ల తొలి మొత్తానికి కలపండి.

తప్పిందంటే తేడా ఎంతో చూడండి, అదే చాలావరకు జాడ చెబుతుంది. తేడా సరిగ్గా చివరి లావాదేవీ మొత్తమే అయి, ఖాతాలో తగ్గి ఉంటే, జామ్ అయిన దానికి రివర్సల్ పడలేదు. దానికి రెట్టింపైతే రివర్సల్‌లో గుర్తు తారుమారైంది, కలపాల్సిన చోట మళ్లీ తీసేశారు. జామ్ అయినప్పుడే తేడా వచ్చి, ఖాతాలు సరిగ్గా ఉండి, క్యాసెట్లు మాత్రమే తగ్గి ఉంటే నోట్ల లెక్కను జామ్ పరీక్షకు ముందే తగ్గించేశారు. బదిలీ తర్వాత ఖాతాల మొత్తం పెరిగి కనిపిస్తే తనకు తాను పంపుకున్నవాడు దొరికినట్టే.